గాలిమూత మీద మూడు బొట్లు

నేను బాయిలర్ల బర్నర్లు సెట్ చేస్తాను. ఈ ముక్క చెబితే సగం మందికి అర్థం కాదు. గ్యాస్ పొయ్యి రిపేరా అని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు అవుననేస్తున్నాను, ఆమె మరీ తప్పేం అనలేదు కాబట్టి. పొయ్యి అయినా బాయిలర్ అయినా విషయం ఒకటే, మంటకు తగినంత గాలి అందాలి. గాలి ఎక్కువైతే వేడంతా చిమ్నీలోంచి పోతుంది, డీజిల్ దండగ. తక్కువైతే డీజిల్ సగమే కాలి మసి అవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకు జాగాలో మంటను నిలబెట్టడమే నా పని. ఆ పనిలో నన్ను మించినవాడు నల్లగొండ జిల్లాలో లేడని ఒకప్పుడు నమ్మాను. నాలో నేను నమ్మి ఊరుకున్నా బాగుండేది. అందరినీ నమ్మించాను కూడా.

ఇప్పుడిది రాస్తే పరువు పోతుందని మా ఆవిడ అంటోంది. పరువు ఎప్పుడో పోయింది. ఎవరూ చూడలేదు, అంతే.

తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, నార్కట్‌పల్లి దాటాక రోడ్డు పక్కనున్న ఒక పాల డెయిరీ నుంచి పిలుపు వచ్చింది. పాలు కాయడానికీ క్యాన్లు కడగడానికీ అక్కడ ఆవిరి కావాలి. ఆ ఆవిరి కోసం రేకుల షెడ్డులో ఒక డీజిల్ బాయిలర్ ఉంది. డీజిల్ ఎక్కువ తాగుతోంది, ఒకసారి వచ్చి చూడండి అని మేనేజర్ ఫోన్ చేశాడు. మంచి చలికాలం. పొద్దున్నే నల్లగొండలో బండి తీస్తే చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి.

బండి వెనక నా పెట్టె. పెట్టెలో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన పొగ చూసే మిషన్. దాని గొట్టం చిమ్నీలో పెడితే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, విషవాయువు ఎంత ఉంది, పొగ ఎంత వేడిగా పోతోంది, అన్నీ తెర మీద అంకెలుగా వస్తాయి. ఆఫీసు మొత్తానికి అదొక్కటే. దాన్ని చంటిపిల్లలా మోసేవాణ్ణి. ఎవరైనా ముట్టుకోబోతే చెయ్యి పక్కకు నెట్టేవాణ్ణి.

బాయిలర్ చూసుకునే ఆపరేటర్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. దేవరకొండ అవతల గొర్లు కాసే ఇంటి మనిషి. చిన్నప్పుడు మందవెంట తిరిగి, పెళ్లయ్యాక ఏదో మిల్లులో బాయిలర్ దగ్గర బొగ్గు ఎత్తే పనికి చేరి, చూసి చూసి నేర్చుకుని, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడట. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు రాదు. మంట మాత్రం చప్పుడు విని చెప్పేస్తాడని మేనేజర్ అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. చప్పుడు విని చెప్పేటట్టయితే ఇంత ఖరీదైన మిషన్ ఎందుకు మరి?

బాయిలర్ మీద ఎక్కడ చూసినా దసరా నాటి బొట్లే. ఆయుధపూజ రోజు మా వైపు మిషన్లన్నిటికీ బొట్లు పెడతారు. నీళ్ల పంపుకు, ప్రెషర్ గేజీకి, ఆఖరికి మసి దులిపే బ్రష్షుకు కూడా పెట్టారు. బర్నర్ పక్కన లోపలికి పోయే గాలిని పెంచి తగ్గించే మూత ఉంటుంది. మేం డ్యాంపర్ అంటాం, ఆయన గాలిమూత అనేవాడు. మూత ఎంత తెరుచుకుందో తెలియడానికి పక్కనే అంకెలున్న చిన్న పట్టీ. ఆ పట్టీ మీద కూడా మూడు బొట్లు, పసుపు మీద కుంకుమ, కొంచెం కొంచెం దూరంలో.

పని మొదలుపెట్టే ముందు బర్నర్ మొత్తం డీజిల్ గుడ్డతో తుడవడం నా అలవాటు. గుడ్డ పట్టీ దాకా వచ్చేసరికి ఆయన ఒకడుగు ముందుకు వేశాడు.

"సారూ, జర ఆగు. గా మూతకాడి బొట్లు తుడువకు."

"ఎందుకు? దేవునికి కోపమొస్తదా?"

"గవి దేవుని బొట్లు గావు సారూ, కాలం బొట్లు. గిది ఎండకాలానికి, గిది వానకాలానికి, గిది చలికాలానికి. కాలం మారినప్పుడల్లా మూతను గా బొట్టుకాడికి జరుపుత."

"గాలికి గూడ కాలాలుంటయా పెద్దమనిషీ?" అన్నాను. మేనేజర్ పక్కనే ఉన్నాడు, నవ్వాడు. నవ్వు దొరికింది కదా అని ఇంకొకటి వదిలాను. "ఫ్యాను తిరిగితే గాలొస్తది. దానికి పంచాంగం సూడాల్నా?"

మేనేజర్ ఇంకా గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. నాకు అర్థం కాలేదేమో అనుకుని నిదానంగా చెప్పాడు. "ఎండకాలం గాలి పల్చవడ్తది సారూ. రేకుల కింద ఇంకింత. మూత గంతనే ఉంచితే మంటకు సాలదు."

వినపడలేదని ఇప్పుడు బుకాయించను. శుభ్రంగా వినపడింది. వేడెక్కిన గాలి పలచబడుతుందని ఐటీఐలో చదువుకున్నాను. పరీక్షలో రెండు మార్కులకు రాశాను, రెండూ వచ్చాయి. అదే మాట తువ్వాల భుజాన వేసుకున్న మనిషి నోట వచ్చేసరికి అది చదువు అని నాకు తోచలేదు. ఆయన కళ్ల ముందే మూడు బొట్లూ తుడిచేశాను. గుడ్డకు ఎర్రగా అంటింది.

తర్వాత నా విద్య చూపించాను. చిమ్నీలో గొట్టం పెట్టి, మూతను కొంచెం కొంచెం మూస్తూ, తెర మీద ఆక్సిజన్ అంకె తగ్గుతుంటే మేనేజర్‌కు చూపిస్తూ వచ్చాను. ఎండలకూ దుమ్ముకూ ఉంటుందని కాస్త గాలి అదనంగా వదలమని మా సీనియర్లు నేర్పారు. నేను వదల్లేదు. అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప కదా, ఆ చల్లటి పొద్దున అంతకంటే తగ్గించలేనంత తగ్గించి ఆపాను. పొగ కనపడలేదు. మేనేజర్ చెయ్యి కలిపాడు. మూత మర బిగించి, మర మీదుగా ఎర్ర పెయింటుతో ఒక గీత గీశాను. మూత కదిపితే గీత పగులుతుంది, ముట్టినవాడు దొరికిపోతాడు.

పోయే ముందు ఆయనకు రెండు మాటలు చెప్పాను. మొదటిది, ఈ సెట్టింగ్ ఎవరూ ముట్టొద్దు. రెండోది, మంట ఆరి ఎర్ర లైటు వెలిగితే పక్కనున్న బటన్ ఒక్కసారే నొక్కాలి. అంటుకోకపోతే మళ్లీ మళ్లీ నొక్కొద్దు. నొక్కిన ప్రతిసారీ లోపల కాలని డీజిల్ చేరుతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఒక్కసారిగా అంటుకుంటే బాయిలర్ తలుపు ఎగిరి మనిషి మీద పడుతుంది. ముందు ఎందుకు ఆరిందో చూడాలి.

"గది నాకెరికే సారూ. ఒక్కసారే నొక్కుత," అన్నాడు.

నాలుగు నెలల తర్వాత, ఎండలు మండిపోతున్నప్పుడు, మేనేజర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో మర్యాద లేదు. పొద్దున బాయిలర్ ఆగిపోయిందట, ఒక ట్యాంకు పాలు విరిగిపోయాయట, వెంటనే రమ్మన్నాడు. నేను చేరేసరికి మధ్యాహ్నం అయింది. షెడ్డు బయట విరిగిన పాలు కాలవలో పారుతున్నాయి, పులిసిన వాసన. విచిత్రంగా బాయిలర్ నడుస్తోంది. చిమ్నీ శుభ్రంగా ఉంది.

మేనేజర్ ఎవరితోనో ఫోన్లో అరుస్తూ బయటే ఉండిపోయాడు. లోపల ఆపరేటర్ ఒక్కడే. మొహం మీద చెమట, తువ్వాల నిండా మసి.

"నాలుగొద్దులాయె సారూ, పగటీలి ఎండ ముదరంగనే నల్లపొగ. మేనేజర్‌కు చెప్పిన. సారు సెట్ చేసిండు, ముట్టకన్నడు. నేను ముట్టలె. ఇయ్యాల పొద్దున బర్నర్ కన్నుకు మసి పట్టి, మంట కనవడక ఆరిపోయింది. బటన్ ఒక్కసారి నొక్కిన, అంటలె. ఇంక నొక్కలె. మేనేజర్ ఫోన్ల నొక్కు నొక్కు అని ఒర్రవట్టిండు. ఎట్ల నొక్కుత? కన్ను ఊడదీసి తుడిసిన, లోపలి గాలి ఎల్లగొట్టిన, మూత జర తెరిసిన. గప్పుడు అంటుకున్నది. గంతలకు పాలు విరిగినయి."

బర్నర్ కన్ను అంటే మంట ఉందో లేదో చూసే చిన్న గాజుబిళ్ల. మంట కనిపించకపోతే డీజిల్ ఆపేసి ఎర్ర లైటు వేస్తుంది. ఆయన ఒక్కో మాటా పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. నేను మూత వైపు చూశాను. నా ఎర్ర గీత పగిలి ఉంది. మూత నేను బొట్టు తుడిచేసిన చోటికి జరిగి ఉంది, ఎండకాలం బొట్టు ఉండిన చోటికి.

చిమ్నీలో గొట్టం పెట్టాను. అంకెలు ముత్యాల్లా వచ్చాయి. ఎక్కడా వంక లేదు. నమ్మలేక మూతను వెనక్కి, చలికాలంలో నేను పెట్టిన చోటికి తిప్పాను. నాలుగు క్షణాలు పట్టిందేమో. విషవాయువు అంకె తెర మీద పరుగెత్తింది. కిటికీలోంచి చూస్తే చిమ్నీ నోట్లోంచి నల్లటి పొగ. గబగబా మూతను మళ్లీ ఆయన పెట్టిన చోటికి తెచ్చాను. పొగ విడిపోయింది.

మసి నాది. ఆగిపోయిన బాయిలర్ నాది. కాలవలో పారుతున్న పాలు నావి. ఆ నిమిషంలో నాకు తెలియనిది ఏమీ లేదు.

మేనేజర్ అడుగుల చప్పుడు వినపడింది. నేను చేసిన మొదటి పని, మిషన్ తెరను నా ఛాతీ వైపు తిప్పుకోవడం. ఎవరూ నేర్పని పని అది, చెయ్యి దానంతట అదే చేసింది.

"ఏమైంది సార్?" అన్నాడు మేనేజర్.

నేను పగిలిన ఎర్ర గీత చూపించాను. "సెట్టింగ్ మార్చిండ్రు," అన్నాను.

అబద్ధం ఆడలేదు చూడండి. గీత పగిలిన మాట నిజమే. ఆ నిజాన్ని తీసుకెళ్లి ఇంకొకరి మెడకు చుట్టాను. నా తెలివి నాకే ఇప్పుడు అసహ్యం.

మేనేజర్ ఆయన వైపు తిరిగాడు. "ముట్టినవా?"

"ముట్టిన సార్."

"ముట్టొద్దని చెప్పలేదా నీకు? బటన్ నొక్కమంటే నొక్కవు, ముట్టొద్దన్నది ముడుతవు. ఒక ట్యాంకు పాలు!"

ఆయన నా వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు కాదది. ఇద్దరికీ తెలిసిన సంగతి ఇద్దరిలో పెద్ద చదువున్నవాడు చెబుతాడు కదా అని ఎదురుచూసే చూపు. బటన్ నొక్కకపోవడం వల్లే ఈ షెడ్డు నిలబడి ఉంది, నేను చెప్పిందే ఆయన చేశాడు అని ఒక్క మాట అనాల్సింది. నేను పెట్టె గొళ్లెం వేస్తున్నాను. అప్పటికే వేసి ఉంది. తీసి మళ్లీ వేశాను.

సర్వీస్ రిపోర్టు రాయడం కూడా నా పనే. ఇంగ్లీషులో రాస్తాం. ఆపరేటర్ అనుమతి లేకుండా డ్యాంపర్ మార్చడం వల్ల మసి పట్టి బర్నర్ ఆగిపోయింది అని ఒక్క వాక్యం రాశాను. కింద మూడు సంతకాలు ఉండాలి. నేను పెట్టాను, మేనేజర్ పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మూడోది ఆపరేటర్‌ది. కాగితం ఆయన ముందుకు జరిపాను.

"ఏం రాసినవు సారూ?"

"ఏం లేదు, సర్వీస్ చేసినట్టు రాసిన."

తువ్వాలతో చేతులు తుడుచుకుని, మసి అంటకుండా కాగితాన్ని అంచు పట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దుతూ తెలుగులో సంతకం పెట్టాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. మేనేజర్ ముందు నోరు మూసుకున్నది భయంతో అనుకుందాం. కాగితం మీద ఏముందో ఆయన అడిగినప్పుడు నాకు ఏ భయమూ లేదు. అక్కడ ఉన్నది మేమిద్దరమే.

మూతను మాత్రం ఆయన పెట్టిన చోటే ఉంచి, మర బిగించి, కొత్తగా ఎర్ర గీత గీశాను. జాగా ఆయనది, రంగు నాది.

మర్నాటి నుంచి ఆయన్ను క్యాన్లు కడిగే వరండాలో వేశారు. నీళ్ల పైపుల మధ్య, సోడా కలిపిన వేడినీళ్లలో రోజంతా చేతులు పెట్టి నిలబడే పని. చేతిలో బాయిలర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి. బాయిలర్ షెడ్డు కిటికీలోంచి చూస్తే ఆ వరండా నేరుగా కనపడుతుంది. నేను సర్వీసుకు వెళ్లినప్పుడల్లా కిటికీకి వీపు పెట్టి పని చేసేవాణ్ణి. వెలుతురు కళ్లలో పడుతోందని చెప్పేవాణ్ణి. వీపు పెట్టినంత మాత్రాన కనపడకుండా పోతాడా? లోపలికి వచ్చేటప్పుడు కనపడేవాడు, పోయేటప్పుడు కనపడేవాడు. నన్ను చూస్తే తల ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి, ఏదో ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని.

కొత్త ఆపరేటర్ ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. మొదటిసారి నేను వెళ్లినప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పట్టీ మీద మూడు బొట్లు మళ్లీ వచ్చాయి. ఏమిటని అడిగితే బిక్కచచ్చిపోయాడు.

"తప్పైతే తీసేస్త సార్. క్యాన్లకాడి తాత పెట్టిపిచ్చిండు. కాలం మారంగనే అన్నం తినేటప్పుడు ఒచ్చి, గిప్పుడు గీ బొట్టుకాడికి జరుపు అని చెప్పి పోతడు. మీరు ముట్టొద్దని గీత గీసిండ్రు గద, నాకు భయం. కని తాత చెప్పినట్టు జరిపితే పొగ ఒస్తలేదు సార్."

"ఉండనీ," అన్నాను.

అలా బాయిలర్ ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా నడిచింది. మేనేజర్ దృష్టిలో అది నా సెట్టింగ్. ఒక దసరాకు నన్ను ప్రత్యేకంగా పిలిచాడు. ఆయుధపూజ అయ్యాక పనివాళ్లందరి ముందు కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాడు. మా సార్ చెయ్యి పడ్డాక ఈ బాయిలర్ ఒక్కరోజు ఆగలేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో రబ్బరు బూట్లతో ఆయన. ఆయనా కొట్టాడు.

"అందరిల పెద్దోనివి నువ్వే. సార్‌కు బొట్టు పెట్టు," అన్నాడు మేనేజర్ ఆయన్ను పిలిచి.

దగ్గరికి వచ్చాడు. కుంకుమ అద్దుకున్న వేలు నా నుదుటికి తగిలింది. సోడా నీళ్లకు చర్మం పగిలి, ఆ వేలు గరగరలాడింది. వంగి నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "చలికాలమొస్తాంది సారూ. మూత జర దగ్గరికి జరుపుమని పిలగానికి చెప్పిన. ఫికర్ జెయ్యకు."

దెప్పిపొడుపు అయితే బతికిపోయేవాణ్ణి. అది దెప్పిపొడుపు కాదు. పని సంగతి ఒక పనివాడు ఇంకో పనివాడికి చెప్పినట్టు చెప్పాడు. నన్ను ఇంకా ఆ పనివాళ్లలో లెక్కేస్తున్నాడు. శాలువా భుజాల మీద పెట్టుకుని బండి ఎక్కి, ఊరు దాటాక దాన్ని తీసి పెట్టెలో కుక్కాను. ఎక్కడైనా పారేద్దామనుకున్నాను కానీ అది కూడా చేతకాలేదు. ఇంట్లో మా ఆవిడ దాన్ని ఉతికి మడతపెట్టి బీరువాలో పెట్టింది. సన్మానం శాలువా అని చుట్టాలకు చూపిస్తుంది.

కరోనా వచ్చాక ఆయన పని మానేసి ఊరికి వెళ్లిపోయాడని తెలిసింది. అది విన్న రోజు నాకు మొదట కలిగింది హాయి. ఇక ఆ వరండాలో కనపడడు కదా అనే హాయి. తర్వాత నా హాయిని చూసి నాకే భయమేసింది. ఇంత నీచుడినా నేను అనుకున్నాను. అలా అనుకున్నా కదలడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

ఒక ఆదివారం పొద్దున దేవరకొండ మీదుగా వాళ్ల ఊరికి వెళ్లాను. ఇల్లు అడిగితే గొర్ల దొడ్డి చూపించారు. మంద మేతకు పోయింది. ఆయన ముళ్లకంప దగ్గర కూర్చుని పాలు తాగే పిల్లలకు ఆకు కట్టలు కడుతున్నాడు. నన్ను చూసి లేచి, గొంగడి దులిపి పరిచాడు.

"కూసో సారూ. గింత దూరమొస్తివి. బాయిలర్‌కు ఏమన్నాయెనా?"

"బాయిలర్ బాగనే ఉంది కాకా," అన్నాను. ఆయన్ను వరస పెట్టి పిలవడం అదే మొదటిసారి. అన్నాళ్లూ పెద్దమనిషీ అన్నాను, లేకపోతే ఏమీ అనలేదు. తలెత్తకుండా మొత్తం చెప్పాను. తప్పు నా సెట్టింగ్‌దని, ఆ రోజే నాకు తెలుసని, కాగితం మీద ఏం రాశానో.

ఆకు కట్టడం ఆపలేదు. "ఎరికే సారూ," అన్నాడు.

"ఏది?"

"అన్నీ. నువ్వు మూత ఎనుకకు తిప్పినవు, పొగ నల్లగొచ్చింది. మల్ల ముంగటికి తిప్పినవు. నేను గాడనే ఉంటి గద. నువ్వు మిషన్ జూసినవు, నేను నిన్ను జూసిన. గిప్పుడు చెప్తడు, గిప్పుడు చెప్తడు అనుకుంట నిలవడ్డ."

"కాగితం సంగతి?"

"మర్నాడు మేనేజరే సదివి ఇనిపిచ్చిండు. నీ సంతకం గూడ ఉన్నది గదా అన్నడు. ఏమంట మరి?"

చెంపలేసుకోవాలనిపించింది, అది కూడా నాటకంలా ఉంటుందేమోనని ఆగాను. ఆకు కట్ట పక్కన పెట్టి ఆయనే అన్నాడు.

"గిదంత నాకు చెప్తే ఏమొస్తది సారూ? నాకు ఎరికున్నదే. ఎరికలేనోల్లకు చెప్పు. గా క్యాన్లకాడ నాలుగేండ్లు అందరు నన్ను ట్యాంకు పాలు ఇరగ్గొట్టినోడనే అన్నరు."

చల్ల తెచ్చి ఇచ్చాడు. తాగాను. మర్నాడే నార్కట్‌పల్లి వెళ్లాను, ఇంకో రోజు ఆగితే నన్ను నేను నమ్మలేను కాబట్టి.

మేనేజర్ అంతా విన్నాడు. విని, లేచొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "మీరు గొప్పోళ్లు సార్. ముసలాయన మీద జాలితో తప్పు మీ మీద ఏసుకుంటున్నరు."

"జాలి కాదు. నిజం. మిషన్‌లో అంకెలు నేను చూశాను."

"మీ సంగతి నాకు తెలవదా సార్? గీత పగిలింది నేను కళ్లారా చూసిన," అని టీ తెప్పించాడు. ఎంత చెబితే అంత మంచివాణ్ణయిపోతున్నాను. నేను చూపించిన గీతే నా మాటకు అడ్డం వచ్చింది.

టీ అలాగే వదిలేసి బాయిలర్ షెడ్డుకు వెళ్లాను. ఆ రిపోర్టు అక్కడే ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకు మేకు కొట్టి వేలాడదీశారు, సెట్టింగ్ ముడితే ఏమవుతుందో తెలియాలని. నా వాక్యం కింద ఎర్ర సిరా గీత. ఇన్నాళ్లూ వచ్చి పోతూ ఆ గోడ వైపు కూడా చూడలేదు నేను. కాగితం బయటికి తీసి, నా వాక్యం కొట్టేసి, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. ఇది అబద్ధం. తప్పు నేను చేసిన సెట్టింగ్‌ది. ఆపరేటర్ మూత తెరవడం సరైనది, బటన్ నొక్కకపోవడం సరైనది. బాయిలర్‌ను కాపాడింది ఆయనే. సంతకం పెట్టి మళ్లీ మేకుకు తగిలించాను.

కొత్త ఆపరేటర్ దగ్గరికి వచ్చి పైకే చదివాడు. రెండుసార్లు చదివాడు. పట్టీ మీది బొట్ల వైపు చూశాడు.

"అంటే తాతది తప్పేం లేదన్నట్టు."

"లేదు."

"మీకు గప్పుడే ఎరికనా సార్?"

"ఎరికే."

అతను కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా వరండాలో ఎవరో క్యాన్లు కడుగుతున్నారు, ఆవిరి లేస్తోంది. ఎప్పుడూ నన్ను మీరు అనేవాడు, అటు చూస్తూనే అడిగాడు.

"నాలుగేండ్లు తాత గాడ నిలవడ్డడు. నువ్వు ఒచ్చినప్పుడల్లా గీ కిటికీలకెల్లి కనవడ్తనే ఉండె గద?"

"కనబడేటోడు," అన్నాను.